గట్టి సస్పెన్షన్ మెత్తబడాలంటే నాబ్‌తో మొదలుపెట్టకండి

కారుకి ఆఫ్టర్‌మార్కెట్ కాయిలోవర్ కిట్ (కంపెనీ సస్పెన్షన్ బదులు వేసే, ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ల సెట్టు) వేయించాను, చూడటానికి బాగుంది కానీ రోజూ ఆఫీసుకి వెళ్లి వచ్చేసరికి నడుము పడిపోతోంది, కిట్ తీసేయకుండా మెత్తగా చేసుకునే దారి ఉందా అని అడిగారు. ఉంది. నేను చేసుకున్నాను. కానీ మీకు అందరూ చెప్పే మొదటి సలహా, అంటే షాక్ అబ్జార్బర్ పైనున్న నాబ్‌ని సాఫ్ట్ వైపు తిప్పెయ్యమనేది, తప్పు సలహా. దాని వల్ల నేను ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను.

నాది 2014 మోడల్ స్విఫ్ట్ డీజిల్. ఉండేది హైదరాబాద్‌లో, పిల్లర్ నంబర్లతో అడ్రసు చెప్పుకునే అత్తాపూర్‌లో, ఆఫీసు గచ్చిబౌలిలో. రోజూ లంగర్‌హౌస్, టోలీచౌకి, షేక్‌పేట మీదుగా రాకపోకలు. 2021లో కిట్ వేయించాను. కారు రెండు అంగుళాలు కిందకి దిగింది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 100 దగ్గర మలుపు తిప్పితే పట్టాల మీద పోతున్నట్టు ఉండేది, అది మాత్రం నిజం. అయితే ఓఆర్ఆర్ మీద నేను వెళ్లేది నెలకి ఒకసారి. మిగతా రోజులన్నీ టోలీచౌకిలోనే కదా.

2022 వినాయక చవితి ముందు రోజు అమ్మని తీసుకుని ధూల్‌పేట వెళ్లాను. మా ఇంట్లో రంగుల విగ్రహం పెట్టరు, అమ్మకి కాల్చని పచ్చి మట్టి గణపతే కావాలి. ప్రతి ఏడూ తనే వెళ్లి, పది పన్నెండు విగ్రహాలు చూసి, ముఖం నచ్చినది ఎంచుకుంటుంది. ఆ ఏడు అడుగున్నర ఎత్తుది దొరికింది. వెనక సీట్లో కూర్చుని, ఒళ్లో తుండు మడిచి వేసుకుని, దాని మీద పళ్లెం, పళ్లెంలో స్వామి. పురానాపూల్ దాటి జియాగూడ వైపు వచ్చాం, పండగ రద్దీ, నేను 20 దాటలేదు. ఒకచోట రోడ్డు తవ్వి పూడ్చిన గాడి ఉంది, అడ్డంగా, జానెడు వెడల్పు. మామూలు కారులో అలాంటిది ఎవరూ పట్టించుకోరు. నా కారు దాని మీద ఒకసారి టక్ మని కొట్టింది, వెనక చక్రాలు దిగినప్పుడు ఇంకోసారి కొట్టింది. వెనక నుంచి అమ్మ "అయ్యో" అంది, అంతే. అద్దంలో చూస్తే కొంగు తీసి విగ్రహం మీద కప్పుతోంది. ఉండ్రాయి పట్టుకున్న ఎడమ చెయ్యి మోచేతి దగ్గర విరిగి పళ్లెంలో పడింది.

విరిగిన విగ్రహానికి పూజ చేయరు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "ఇంకోటి తెచ్చుకుందాంలే బిడ్డా" అంది. ఇంటికి వచ్చాక నాన్న చొక్కా వేసుకుని, "నీ కారు వద్దు, నేను పోయి తెస్తా" అని ఆటోలో వెళ్లి, రాత్రి తొమ్మిదింటికి ఇంకో గణపతితో అదే రోడ్డు మీద, అదే గాడి దాటుకుని ఆటోలోనే వచ్చాడు. చిన్న పగులు కూడా లేదు. మూడు చక్రాల ఆటో చేయగలిగింది నా కారు ఎందుకు చేయలేకపోయిందో తెలుసుకోకుండా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటిదాకా నేను చేసింది ఏమిటంటే, కిట్ అమ్మిన షాపువాడు చెప్పినట్టు వినడం. మొదట "వెయ్యి కిలోమీటర్లు తిరగనివ్వండి సార్, సెట్ అవుతుంది" అన్నాడు. కొత్త స్ప్రింగ్ కొద్దిగా కూర్చుంటుంది, కారు నాలుగైదు మిల్లీమీటర్లు దిగుతుంది, అంతేగాని స్ప్రింగ్ గట్టిదనం మారదు. తర్వాత "నాబ్ పూర్తిగా సాఫ్ట్‌లో పెట్టండి" అన్నాడు. పెట్టాను. చిన్న కుదుపులు కాస్త తగ్గినట్టు అనిపించింది, కానీ స్పీడ్ బ్రేకర్ దిగాక కారు మూడుసార్లు ఎగిరి గానీ ఆగేది కాదు, వెనక కూర్చున్నవాళ్లకి వాంతి వచ్చేంత పని. కారణం తేలికే. బరువు మోసేది స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఊగకుండా పట్టుకునేది షాక్ అబ్జార్బర్. నాబ్ తిప్పితే మారేది షాక్ అబ్జార్బర్ మాత్రమే. గట్టి స్ప్రింగ్‌కి మెత్తటి షాక్ అబ్జార్బర్ జోడిస్తే కుదుపూ పోదు, ఊగుడు అదనంగా వస్తుంది. రబ్బరు బంతి మీద కూర్చున్నట్టే.

అసలు లెక్క స్ప్రింగ్ దగ్గర ఉంది. కాయిలోవర్ స్ప్రింగ్‌ల మీద 4, 6, 8 అని అంకె ఉంటుంది. ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కిలోల బరువు కావాలో ఆ అంకె చెబుతుంది. నా కిట్‌లో ముందువి 6. స్విఫ్ట్ లాంటి కారులో ముందు ఒక్కో చక్రం దగ్గర స్ప్రింగ్ మోసేది సుమారు 300 కిలోలు అనుకోండి. 6 కిలోల స్ప్రింగ్ ఆ బరువుకి 50 మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది. 4 కిలోలదైతే 75. కంపెనీ స్ప్రింగ్ దీనికంటే చాలా మెత్తన, అది ఇంకా ఎక్కువ నొక్కుకుంటుంది. గుంతలోకి చక్రం దిగాలంటే ఈ నొక్కుకున్న దూరమే మళ్లీ విచ్చుకోవాలి. 50 మాత్రమే ఉంటే మన గుంతల్లో చక్రం కిందకి చేరదు, కారు మొత్తం పడిపోతుంది. కుదుపు అంటే అదే.

దీనికి తోడు నా కారు బంప్ స్టాప్‌ల మీద కూర్చుని తిరుగుతోందని నాకు తెలియదు. షాక్ అబ్జార్బర్ రాడ్డు మీద, పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఇనుముకి ఇనుము తగలకుండా ఒక మెత్తటి దిమ్మ ఉంటుంది, అది బంప్ స్టాప్. కారు మరీ కిందకి దింపితే చిన్న ఎత్తుకే దాన్ని కొట్టేస్తుంది, ఇక ఆ క్షణానికి సస్పెన్షన్ లేనట్టే. మీరు కూడా చూసుకోవచ్చు, ఖర్చు లేదు. డస్ట్ కవర్ పైకి జరిపి, మెరిసే రాడ్డుకి ఒక ప్లాస్టిక్ కేబుల్ టై కట్టి, షాక్ అబ్జార్బర్ గొట్టానికి ఆనేదాకా కిందకి జరిపి, మీ రోజూ దారిలో ఒకసారి తిరిగి రండి. టై ఎంత పైకి జరిగిందో చూడండి. నాది నేరుగా బంప్ స్టాప్ దాకా వెళ్లి దానికి అతుక్కుని ఉంది. నాబ్ ఎటు తిప్పినా దానికి మందు లేదు.

అందుకని మొదట ఎత్తు పెంచండి. నా కిట్ స్ప్రింగ్ కింది రింగు తిప్పితే ఎత్తు మారే రకం, 25 మిల్లీమీటర్లు పెంచగానే సగం బాధ పోయింది. మీ కిట్‌లో కింది బ్రాకెట్ కూడా మరతో ఉంటే జాగ్రత్త. బ్రాకెట్ తిప్పితే కారు లేస్తుంది గానీ షాక్ అబ్జార్బర్ లోపల కదిలే జాగా పెరగదు, రింగు తిప్పితేనే పెరుగుతుంది. ఈ తేడా చెప్పే షాపువాడు నాకు ఇంతవరకు కనపడలేదు. "ప్రీలోడ్ (రింగుతో స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచడం) తగ్గిస్తే మెత్తబడుతుంది" అని కూడా చెబుతారు, మామూలు స్ప్రింగ్ విషయంలో అది నిజం కాదు, కారు దిగుతుంది, అంతే. ఎత్తు మార్చాక వీల్ అలైన్‌మెంట్ తప్పకుండా చేయించాలి, లేకపోతే టైర్లు ఒక పక్క త్వరగా అరిగిపోతాయి.

తర్వాత మల్లేపల్లిలో ఒక ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. అరవై దాటిన మనిషి, కారు కింద పడుకుని రెండు నిమిషాలు చూసి, "బండి గాల్లో ఉండంగ బోల్టులు బిగించిండ్రు సార్, బుష్‌లు మెలి తిరిగి కూసున్నయి" అన్నాడు. లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని కారు అడుగుకి కలిపే ఇనుప చెయ్యి, దాని కీలులో ఉండే బుష్‌లు రబ్బరువి. కారు లిఫ్ట్ మీద వేలాడుతుండగా వాటి బోల్టు బిగిస్తే, కిందకి దించాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. అది అదనపు స్ప్రింగ్‌లా పనిచేస్తుంది, త్వరగా చిరుగుతుంది కూడా. ఉస్తాద్ బోల్టులు వదులు చేసి, చక్రాలు నేల మీద ఆని బరువు పడ్డాక మళ్లీ బిగించాడు. నా దగ్గర తీసుకున్నది 600 రూపాయలు. కిట్ బిగించడానికే 6000 తీసుకున్న షాపువాడికి ఈ పాటి పని రాదు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. షాక్ అబ్జార్బర్‌ని పైన కారు బాడీకి బిగించే టాప్ మౌంట్ కూడా చూడమన్నాడు: రేసు కిట్‌లలో రబ్బరుకి బదులు ఇనుప గుండు బేరింగ్ వేస్తారు, దాంతో రోడ్డు మీది ప్రతి కంకరరాయీ స్టీరింగ్‌లో వినిపిస్తుంది. నాకు అదే ఉంది. రాణిగంజ్ తిరిగి కంపెనీ రబ్బరు మౌంట్ కొని, అది నా కిట్‌కి సరిపోయేలా పెట్టించాను. గలగల అక్కడితో ఆగింది.

టైర్ల గురించి రెండు మాటలు. పెట్రోల్ బంకులో గాలి కుర్రాడు అడగకుండానే 40 కొట్టేస్తాడు. డోరు పక్కన స్టిక్కర్ మీద ఎంత ఉంటే అంతే పెట్టించండి, అదీ పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు. నైట్రోజన్ కొడితే మెత్తగా ఉంటుందని డబ్బులు తీసుకుంటారు, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. పెద్ద అల్లాయ్‌లు వేసుకుని ఉంటే వాటినీ అనుమానించండి. 165/80 ఆర్14 టైరు పక్క గోడ 132 మిల్లీమీటర్లు, 205/45 ఆర్17 అయితే 92. ఆ 40 మిల్లీమీటర్ల గాలి దిండుని మన చేతులతో మనమే తీసి పారేస్తున్నాం.

మా కాలనీ స్పీడ్ బ్రేకర్ల గురించి కూడా చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, అంటే దాదాపు కారు పొడవంత నున్నటి గుట్ట. మా దగ్గర ఎవరింటి ముందు వాళ్లు సిమెంటు పోసి గట్టు కట్టుకుంటారు, అడుగు వెడల్పు, ఇష్టం వచ్చినంత ఎత్తు, రంగు ఉండదు, రాత్రి కనపడదు. అత్తాపూర్‌లో మా ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకి తొమ్మిది ఉన్నాయి. అంబులెన్స్ వస్తే లోపలున్న మనిషి ఏమవుతాడో ఒక్కరూ ఆలోచించరు. దీనికి ఏ స్ప్రింగూ సమాధానం కాదు.

సరే, చివరికి స్ప్రింగ్‌లే మార్చాను. స్ప్రింగ్ మీద లోపలి వ్యాసం, పొడవు, రేటు అచ్చేసి ఉంటాయి. వ్యాసం అదే ఉంచి ముందు 6 బదులు 4, వెనక 5 బదులు 3 తెప్పించాను. మెత్తటివి ఎక్కువ నొక్కుకుంటాయి కాబట్టి ముందువి 20 మిల్లీమీటర్లు పొడవైనవి తీసుకున్నాను. వెనకవి మార్చడం మానకండి. అమ్మా నాన్నా పిల్లలూ కూర్చునేది వెనక ఇరుసుకి దగ్గరగా, డ్రైవర్‌కి తెలియని దెబ్బ వాళ్లకి తగులుతుంది. నాబ్ ముట్టుకోవాల్సింది ఇదంతా అయ్యాకే. పూర్తిగా గట్టి వైపు తిప్పి, అక్కడి నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టుకుంటూ రండి, ఒకసారికి రెండు. నేను పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ మీద పరీక్షించాను. దాని స్లాబుల మధ్య జాయింట్లు వరసగా వస్తాయి కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. మరీ గట్టిగా ఉంటే ఒక జాయింట్‌కి నొక్కుకున్న చక్రం విచ్చుకునే లోపే ఇంకోటి వచ్చి కారు కిందకి కుంగుతూ పోతుంది. మరీ మెత్తగా ఉంటే దాటాక కూడా తేలుతుంది. నా 24 క్లిక్కుల్లో ముందు 15, వెనక 17 దగ్గర సరిగ్గా కుదిరింది.

కంపెనీ కారంత మెత్తగా వచ్చిందా అంటే రాలేదు, వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ పోయిన చవితికి అమ్మ మళ్లీ నా కారులోనే ధూల్‌పేట వచ్చింది, స్వామిని ఒళ్లో పెట్టుకుని. పాత స్ప్రింగ్‌లు, షాక్ అబ్జార్బర్లు మాత్రం తుక్కుకి వేయకుండా ఇంట్లోనే ఉంచండి. ముందు కేబుల్ టై కట్టి చూసి, అది ఎక్కడ ఆగిందో, మీ స్ప్రింగ్ మీద ఏ అంకె ఉందో చెప్పండి, ఏ రేటు సరిపోతుందో లెక్క వేసి చెబుతాను.