లోడెక్కితే బోటు లాగడం లేదు, స్టీలు ప్రొపెల్లర్ వేయమంటారా?

ప్రశ్న: మా ఫైబర్ బోటుకి 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజనుంది. పాత ప్రొపెల్లర్ రెక్క రాయికి తగిలి విరిగిపోతే, స్పీడు వస్తుందని షాపులో చెప్పారని 11 అంగుళాల పిచ్ ఉన్నది వేయించాను. ఖాళీగా బాగానే పోతోంది. వలలు, ఐసు, నలుగురు మనుషులు ఎక్కితే మాత్రం లాగడం లేదు, పెట్రోలు తాగేస్తోంది. మాన్యువల్‌లో ఫుల్ థ్రాటిల్ మీద 5,000–6,000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) అని ఉంది. స్టీలుది కొనాలా?
– ఒక పాఠకుడు, ఉప్పాడ

జవాబు: స్టీలు జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీ ఇబ్బంది పిచ్‌తో. ప్రొపెల్లర్ మీద రెండు అంకెలుంటాయి, మొదటిది వ్యాసం, రెండోది పిచ్, అంటే జారుడు లేకపోతే ఒక్క చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో అది. పిచ్ పెరిగేకొద్దీ ఇంజను మీద బరువు పడుతుంది, బండిని టాప్ గేరులో ఘాట్ ఎక్కించినట్టు.

ముందు ఆర్‌పీఎమ్ చూపించే చిన్న టాకోమీటరు తెచ్చి దాని వైరు ప్లగ్గు వైరుకి చుట్టండి, రోజూ వేసే లోడు వేసుకుని, నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, మాన్యువల్‌లో చెప్పిన 5,000–6,000 మధ్యకి వస్తుందేమో చూడండి. ఉదాహరణకి 4,700 దగ్గరే ఆగిపోయిందనుకోండి, పిచ్ అంగుళం తగ్గిస్తే సుమారు 150–200 పెరుగుతుంది కాబట్టి 8 అంగుళాలది వేస్తే 5,150–5,300 దాకా రావాలి. అదే ప్రొపెల్లర్‌తో ఖాళీగా కూడా నడిపి చూడాలి, 6,000 దాటకూడదు, దాటితే 9 వేయండి. ఖాళీ బోటు వేగం కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి, మీకు కావాల్సింది లోడుతో లాగడం. తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఫుల్ థ్రాటిల్ మీద రోజూ మూలుగుతూ నడిస్తే ఇంజను పాడైపోతుంది.

ఇసకా రాళ్లూ తగిలే ఒడ్డున అల్యూమినియమే నయం. దెబ్బ తగిలితే ముందు రెక్క వంగుతుంది, గేర్లకు అంత దెబ్బ పోదు. స్టీలు వంగదు, ఆ దెబ్బంతా లోపలికి పోతుంది.

ఇంజను గట్టిగా మోగుతూ బోటు మాత్రం కదలకపోతే పిచ్‌ను అనుమానించకండి, ప్రొపెల్లర్ మధ్యలో ఉండే రబ్బరు బుష్ జారుతుండొచ్చు. ప్రొపెల్లర్‌కీ బుష్‌కీ అడ్డంగా పెయింటుతో ఒక గీత గీసి నడపండి, గీత తప్పితే బుష్ పోయినట్టే.

మార్చేటప్పుడు ఇంజను ఆపి, ప్లగ్గు వైరు పీకేసి చెయ్యి పెట్టండి. షాఫ్టుకి వల దారం చుట్టుకుందేమో చూడండి, అది ఆయిల్ సీలు కోసేస్తుంది. గేరు ఆయిలు పాలలా తెల్లగా ఉంటే నీళ్లు దిగాయన్నమాట, సీలు మార్చకుండా కొత్త ప్రొపెల్లర్ బిగించకండి.