నీళ్లలో ఉన్నా వేళ్లు ఎందుకు కుళ్లవంటే

కుండీలో నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే మొక్క చచ్చిపోతుంది కదా, మరి తామర, జమ్ము లాంటివి ఏడాది పొడుగునా నీళ్లలోనే ఎలా బతుకుతాయని అడిగారు.

మొక్కను చంపేది నీళ్లు కాదండీ, గాలి ఆడకపోవడం. ఆక్సిజన్ గాల్లో కంటే నీళ్లలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా పాకుతుంది. బురదలో ఉన్న కాస్తా సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి. ఇక వేరుకు ఊపిరి పైనుంచే రావాలి.

ఇది నాకు ఒక మొక్కను చంపుకున్నాక తెలిసింది. పెద్ద తొట్టిలో జమ్ము పెంచేవాణ్ణి. చలికాలంలో ఎండిన ఆకులు చూడ్డానికి బాగోలేవని నీటిమట్టం కిందికి కోసేశాను. మళ్లీ చిగురు రాలేదు. తవ్వి చూస్తే దుంప మెత్తబడి, కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఎండిపోయినా సరే, ఆ కాడల్లోంచే దుంపకు గాలి దిగుతుందట! పక్క తొట్టిలో బద్ధకించి నీటిపైన జానెడు వదిలేసినవి మాత్రం శుభ్రంగా చిగిర్చాయి.

కాడ లోపల గాలి దిగడానికి ఖాళీ గదులుంటాయి, ఆ కణజాలాన్నే ఏరెంకైమా అంటారు. తామరాకు కాడ విరిస్తే కంటికే కనిపిస్తుంది: సాగే సన్నని దారాలు, వాటి వెనక గొట్టాల్లాంటి రంధ్రాలు. ఒక కొస నీళ్లలో ముంచి రెండో కొస నుంచి ఊదండి, బుడగలొస్తాయి. తామర అయితే గాలిని ఊరికే దిగనివ్వదు, నెడుతుంది. ఎండకు ఆకు వెచ్చబడితే లోపల పీడనం పెరిగి, గాలి దుంప దాకా వెళ్లి వేరే గొట్టాల్లోంచి తిరిగొస్తుంది. ఎండవేళ ఆకు నడిమధ్యన కాసిని నీళ్లు పోసి చూడండి, అందులోంచి బుడగలు లేస్తుంటాయి. నేనైతే దాని ముందు గంటలు గడిపాను.

మొత్తం మునిగిపోతే ఏం చేయాలన్న దగ్గర వరి రెండు దారులు పట్టింది. మునిగిన మొక్కలో, అది తనంతట తాను తయారుచేసుకునే ఇథిలీన్ అనే హార్మోన్ వాయువు బయటికి పోలేక పోగవుతుంది. ఆ సంకేతం అందగానే లోతునీటి వరి రోజుకు 20 సెంటీమీటర్లకు పైగా కూడా సాగి, నీటిపైకి తల పెడుతుంది. సబ్‌1ఎ జన్యువున్న రకాలు అదే సంకేతానికి పెరుగుదల ఆపేసి, ఉన్న పిండిపదార్థం పొదుపుచేసుకుంటూ రెండు వారాల దాకా కాచుక్కూర్చుంటాయి. వరద త్వరగా తీస్తే రెండోది నయం, నెలలు నిలిస్తే మొదటిది.

మీ కుండీలోది టమాటా అయితే కాండం మొదట్లో తెల్లటి బొడిపెలు చూశారా? తెగులు కాదు, గాలి కోసం వేస్తున్న కొత్త వేళ్లు. గిల్లేయకండి, ముందు నీళ్లు తీసేయండి.