సగటు పెరిగింది, మరి క్లామ్‌లు పెరిగాయా?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఇసుకలో, బురదలో తమంతట తాముగా బతికే క్లామ్‌ల గురించే. ఇవి రెండు చిప్పల మధ్య ఒదిగి, గొట్టం ఒక్కటే పైకి పెట్టి నీటిని వడగట్టుకుని తినే జీవులు. పెంపకపు చెరువుల సంగతి ఇందులో లేదు.

ప్రశ్న: ఒకే తీరంలో రెండేళ్లు వరసగా క్లామ్‌లను కొలిచాం. సగటు పొడవు 30 మి.మీ. నుంచి 38కి పెరిగింది. పెరుగుదల బాగున్నట్టేనా?

ఆ రెండు అంకెలతో ఏమీ చెప్పలేం. చిన్న లెక్క చూడండి. మొదటి ఏడాది మీకు 100 దొరికాయనుకోండి: 20 మి.మీ.వి 60, 45 మి.మీ.వి 40. సగటు 30. మరుసటి ఏడు పెద్దవి 40కి 40 అలాగే ఉండి, చిన్నవి 15 మాత్రమే దొరికాయనుకోండి. సగటు 38 దాటుతుంది. ఒక్క క్లామ్ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగలేదు. జరిగిందల్లా చిన్నవి పోవడమో, కొత్తవి రాకపోవడమో. అంటే సంబరపడాల్సిన అంకె కాస్తా ప్రమాద హెచ్చరిక అయింది. ఈ రంగంలో ఎక్కువమంది జారిపడేది ఇక్కడే.

అందుకే సగటు పక్కన పెట్టి, పొడవులను 2 మి.మీ. తరగతులుగా విడగొట్టి, ఒక్కో తరగతిలో ఎన్ని ఉన్నాయో అంత ఎత్తు పట్టీ గీయండి; చిన్న సైజులు ఎడమన, పెద్దవి కుడిన. చిన్న సైజులో ఒక గుంపు లేచి కనబడితే అది ఆ ఏటి కొత్త తరం. ఆరు నెలల తర్వాత అదే గుంపు ఎంత కుడికి జరిగిందో అది పెరుగుదల, ఎంత ఎత్తు తగ్గిందో అది మరణాలు. ఇది కూడా చిన్నవి మీ చేతికి చిక్కితేనే. 50 సెం.మీ. చదరపు చట్రం వేసి, 15–20 సెం.మీ. లోతు తవ్వి, మట్టినంతా 1 మి.మీ. జల్లెడలో కడగండి. చేత్తో ఏరితే పెద్దవే దొరుకుతాయి, వేలిగోరంత ఉన్నవి కంటికి ఆనవు. లోతుకు దిగే జాతులైతే ఇంకా తవ్వాలి. రెండేళ్లూ నెల, జల్లెడ, తీరంలో ఎత్తు ఒకటే ఉండాలి. పైగట్టున ఉన్న క్లామ్ నీటిలో మునిగి ఉండేది తక్కువసేపు, తినేదీ తక్కువే. ఒక ఏడు గట్టున, మరో ఏడు దిగువన తవ్వితే మీరు కొలిచింది ఆటుపోట్లను, క్లామ్‌లను కాదు.

ప్రశ్న: చిప్ప మీద వలయాలు లెక్కపెడితే వయసు తెలుస్తుందంటారు. నమ్మొచ్చా?

సగం నమ్మండి. చలికి పెరుగుదల ఆగిపోయే చోట ఏడాదికో గీత పడుతుంది. ఎండలు మండే చోట ఆగేది వేసవిలో. కాబట్టి ముందుగా మీ జాతి ఏ కాలంలో ఆగుతుందో తేల్చుకోవాలి. ఇవి కాక తుఫాను కదిలించినా, పీత గిల్లినా, గుడ్లు వదిలి నీరసపడినా దొంగగీతలు పడతాయి. పైనుంచి చూస్తే అసలుదీ దొంగదీ ఒకేలా ఉంటాయి.

నమ్మకంగా కావాలంటే కీలు దగ్గరి బొడిపె నుంచి అంచుదాకా, పెరిగిన దిశలోనే, నెమ్మదిగా తిరిగే వజ్రపు రంపంతో చిప్పను కోసి, నున్నగా సానబట్టి, సూక్ష్మదర్శినిలో చూడాలి. కోత వంకరపోతే గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ముసలి చిప్పల్లో అంచు గీతలు మరీ దగ్గరవుతాయి. 2006లో ఐస్‌లాండ్ దగ్గర పట్టిన ఆర్కటికా ఐలాండికా అనే క్లామ్ వయసును మొదట కీలు భాగంలో లెక్కించి 400 ఏళ్ల పైచిలుకు అన్నారు. 2013లో చిప్ప బయటి అంచు మీద మళ్లీ లెక్కిస్తే 507 తేలింది. కీలు దగ్గర గీతలు ఇరుకై కలిసిపోవడమే తేడాకి కారణం. నిపుణులకే వందేళ్ల తేడా వచ్చిందంటే, మనం భూతద్దంతో లెక్కపెట్టి వెంటనే పుస్తకంలో రాసేయడం తొందరపాటే.

ప్రశ్న: గుర్తులు వేసి వదిలి, ఏడాది తర్వాత తవ్వితే బతుకు శాతం వస్తుందా?

వస్తుంది, కాస్త ఓపిగ్గా చేస్తే. చిప్పను గుడ్డతో పొడిగా తుడిచి, గరుకు కాగితంతో ఒక్కసారి రుద్ది, నంబరు బిళ్లను సూపర్ గ్లూ చుక్కతో అంటించండి. రెండో చిప్పకు మరో బిళ్ల తప్పనిసరి. ఒక్కటే వేస్తే, ఊడిపోయిన బిళ్లలన్నీ చావుల లెక్కలో చేరతాయి. కాలిపర్‌తో 0.1 మి.మీ. వరకు కొలిచి, నీడలో తడిగా ఉంచి, ఆ ఆటులోనే తిరిగి పాతండి. తవ్వి కొలిచిన కుదుపుకే కొన్నాళ్లు పెరుగుదల మందగించి ఒక గీత పడుతుంది. నెలనెలా తవ్వి చూసేవాళ్లకు పెరుగుదల తక్కువగా రావడానికి వాళ్ల పారే ఒక కారణం.

లెక్క ఇలా: 120 వదిలితే ఏడాదికి 66 బతికి దొరికాయి. బతుకు 55 శాతం. వార్షిక మరణ రేటు, అంటే 120/66కి సహజ సంవర్గమానం, 0.6 (ఇది క్షణక్షణానికీ తగ్గే వేగం, చచ్చిన శాతం కాదు). నెలకు చూస్తే సుమారు 95 శాతం బతుకుతున్నట్టు. వినడానికి నెలకు 5 శాతం నష్టం ఏపాటి అనిపిస్తుంది, పన్నెండు నెలలు తిరిగేసరికి దాదాపు సగం ఖాళీ. దొరకనివన్నీ చచ్చినట్టు కాదు, కొన్ని పక్కకు జరుగుతాయి. అందుకే చట్రం చుట్టూ అర మీటరు మేర కూడా తవ్వండి.

పెరుగుదలకు ఎక్కువమంది వాడేది వాన్ బెర్టలాన్‌ఫీ సూత్రం: వయసు పెరిగేకొద్దీ పెరుగుదల మందగించి, పొడవు ఒక గరిష్ఠానికి చేరువవుతుందనే లెక్క. గరిష్ఠ పొడవు 60 మి.మీ., పెరుగుదల గుణకం 0.4 అనుకుంటే మొదటి ఏటికి సుమారు 20, రెండో ఏటికి 33, మూడుకు 42, నాలుగుకు 48, ఐదుకు 52 మి.మీ. మొదటి ఏడు 20 పెరిగినది ఐదో ఏట 4 మాత్రమే పెరుగుతుంది. కాబట్టి 'ఏడాదికి ఇంత' అని అన్ని వయసులకూ ఒకే అంకె చెప్పేవాళ్లను వయసెంతో అడగండి.

ప్రశ్న: ఒడ్డు నిండా ఖాళీ చిప్పలు. ఎవరు చంపారో తెలుసుకోవచ్చా?

ఇది మాకిష్టమైన పని. ఒక చిప్ప చేతిలోకి తీసుకోండి. కీలు దగ్గర గుండ్రటి రంధ్రం ఉండి, బయట వెడల్పుగా లోపలికి సన్నబడుతూ గిన్నెలా ఉంటే అది మూన్ స్నెయిల్ అనే సముద్రపు నత్త పని. సగంలో వదిలేసిన రంధ్రమైతే అడుగున మధ్యలో చిన్న బొడిపె కూడా కనిపిస్తుంది. గోడలు నిలువుగా ఉన్న రంధ్రమైతే మ్యూరెక్స్ కుటుంబపు నత్తది. అంచులు పెచ్చులూడి, ముక్కలైతే పీత. చెక్కుచెదరని రెండు చిప్పలు కీలుతో కలిసే నోరు తెరిచి ఉంటే నక్షత్రచేప కావచ్చు, రోగమో, వేడో, మంచినీరో కూడా కావచ్చు. కీలు ఊడలేదంటే చావు ఈమధ్యదే.

ఒక హెచ్చరిక. పీత నమిలిన చిన్న చిప్పలు నలిగి, కరిగి మాయమవుతాయి. రంధ్రం పడిన పెద్ద చిప్పలు ఏళ్లపాటు మిగులుతాయి. ఖాళీ చిప్పలు లెక్కపెట్టి నత్తనే దోషిగా నిలబెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

ప్రశ్న: భారీ వానల తర్వాత వారానికి క్లామ్‌లు చనిపోయాయి. అప్పటికే నీళ్లు మామూలయ్యాయి కదా?

ఉప్పు తగ్గగానే చిప్పలు బిగించుకుంటాయి. ఆక్సిజన్ లేకుండానే, లోపల నిల్వ ఉన్నదాన్ని ఖర్చు చేస్తూ గడుపుతాయి. అప్పుడు పుట్టే ఆమ్లాన్ని తమ చిప్ప లోపలి సున్నాన్నే కరిగించి విరుస్తాయి. నీరు చల్లగా ఉంటే చాలా రోజులు తట్టుకుంటాయి, వెచ్చగా ఉంటే ఆ గడువు బాగా తగ్గుతుంది. నిల్వ హరించుకుపోయినవి నీరు బాగుపడ్డాక కూడా కోలుకోవు. గుడ్లు వదిలి చిక్కిపోయినవి ముందు పోతాయి. ఇసుక లోపలి నీటి ఉప్పదనం పైనీటి అంత త్వరగా మారదు, కాబట్టి లోతున ఉన్నవాటికి కొంత రక్షణ.

ప్రశ్న: కిక్కిరిసిన చోట ఎదుగుదల ఆగుతుందా?

నీరు కదలకపోతే ఆగుతుంది. అడుగు నీటిలోని ప్లవకాలను, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులను, ముందున్నవే వడగట్టేస్తే వెనకవాటికి ఖాళీ నీరు. ప్రవాహం జోరుగా ఉంటే అంత సమస్య కాదు. మరీ పలచబడినా చిక్కే: గుడ్లు, వీర్యకణాలు నీటిలోనే కలవాలి, దూరందూరంగా ఉంటే కలవవు.

ప్రశ్న: ఏటా పిల్లలు దిగుతున్నాయి, మరుసటి ఏటికి ఒక్కటీ ఉండదు. వల కప్పితే?

లార్వాలు రెండు మూడు వారాలు నీటిలో తేలి, పావు మిల్లీమీటరు సైజులో అడుగుకు దిగుతాయి. చావుల్లో అత్యధికం ఆ తర్వాతి కొన్ని నెలల్లోనే. వల కప్పి చూడండి: 6 మి.మీ. కన్ను, అంచులు 15 సెం.మీ. లోతున పాతిపెట్టి. పక్కనే వల లేని గడి, రెండు వైపులా తెరిచిన వలగడి కూడా ఉంచండి. వల నీటి వేగాన్ని తగ్గించి బురద దింపుతుంది. ఆ మూడో గడి లేకపోతే తేడా పీత ఆగినందుకో, నీరు మారినందుకో విడదీయలేరు. నాచు పట్టకుండా బ్రష్‌తో రుద్దుతుండండి. నెలకోసారైనా ఒక అంచు ఎత్తి చూడండి: పీతపిల్లలు కన్నుల్లోంచి లార్వాలుగా దూరి, లోపలే పెరిగి, బయటికి పోలేక మొత్తం తినేస్తాయి.