రాజీనామా రాసే ముందు లెక్క రాసుకోండి

ప్రశ్న: మాది గాజువాక. ఆటోనగర్‌లోని ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో 11 ఏళ్ల 8 నెలలుగా మెషిన్ ఆపరేటర్‌గా చేస్తున్నాను. మొత్తం 60 మంది దాకా ఉంటాం. నాకు బేసిక్, డీఏ కలిపి 26,000. ఆర్డర్లు తగ్గాయని ఎనిమిది మందిని రాజీనామా రాసివ్వమంటున్నారు. రాసిస్తే అన్నీ కలిపి 2 లక్షలు ఇస్తారట. రాయకపోతే వాళ్లే తీసేస్తారట, అప్పుడు గ్రాట్యుటీ, పీఎఫ్ రెండూ రావట. ఇంటి లోను ఇంకా 5 లక్షలుంది, ఈఎంఐ 9,200. ఆ 2 లక్షలూ పీఎఫ్ డబ్బూ కలిపి లోను తీర్చేద్దామని మా ఆవిడ అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. లోను సంగతి తర్వాత చూద్దాం. మీకు రావలసింది ఎంతో తేలకుండా 2 లక్షలు ఎక్కువో తక్కువో చెప్పలేం. ఆ లెక్క మీ చేతిలో లేదు కాబట్టే వాళ్లు అంత ధైర్యంగా మాట్లాడుతున్నారు.

గ్రాట్యుటీతో, అంటే ఇన్నేళ్ల సర్వీసుకు ఉద్యోగం వదిలేటప్పుడు యాజమాన్యం ఒకేసారి ఇవ్వాల్సిన డబ్బుతో మొదలుపెడదాం. పది మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట అయిదేళ్లు నిండినవాళ్లకు అది హక్కు. మానేసినా వస్తుంది, తీసేసినా వస్తుంది. దొంగతనం, దౌర్జన్యం, కంపెనీకి నష్టం చేయడం లాంటి కారణాలతో తీసేస్తే తప్ప దాన్ని ఆపడానికి వీల్లేదు. ఆర్డర్లు లేకపోవడం మీ తప్పు కాదుగా. లెక్క తేలికే: 26,000ను 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 15,000. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి మీ సర్వీసు 12 ఏళ్లు. అంటే 1,80,000. వాళ్లు ఇస్తామంటున్న 2 లక్షల్లో ఇదొక్కటే దాదాపు మొత్తం తినేస్తుంది. మిగిలిన 20,000 కోసం మీరు ఏం వదులుకుంటున్నారో చూడండి.

పని లేదని యాజమాన్యమే కార్మికుణ్ని తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. అప్పుడు నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. దాంతోపాటు ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ రక్షణ, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఉంది. మీ బేసిక్, డీఏ మీదే, నెలలో సగం చొప్పున వేసినా 12 ఏళ్లకు 1,56,000. నోటీసు జీతం ఇంకో 26,000. గ్రాట్యుటీతో కలిపితే 3,62,000. ఇందులో మిగిలిన సెలవుల డబ్బు కలపలేదు. గ్రాట్యుటీ మీద మీకు పన్ను పడదు. రిట్రెంచ్‌మెంట్ పరిహారానికీ 5 లక్షల దాకా మినహాయింపు ఉంది.

మీ అంతట మీరే మానేస్తున్నట్టు రాసిస్తే గ్రాట్యుటీ ఉంటుంది, పరిహారం పోతుంది. రాజీనామా కోసం అంత పట్టుబట్టడం వెనకున్న ఆర్థిక కారణం ఇదే. బతుకుదెరువు పోతుందన్న భయంలో ఉన్న మనిషిని అబద్ధం చెప్పి బెదిరించడం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

పీఎఫ్ పోతుందన్నది అంతకంటే పెద్ద అబద్ధం. ఆ డబ్బు కంపెనీ దగ్గర లేదు, మీ యూఏఎన్ (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబరు) ఖాతాలో ఉంది. అసలు జమ అయిందా లేదా అన్నదే మీరు చూసుకోవాలి. యూఏఎన్‌తో లింకైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. పాస్‌బుక్ డౌన్‌లోడ్ చేసుకుని, నెలనెలా జీతంలో కోసింది జమైందో లేదో పే స్లిప్పులతో సరిచూడండి. కోసి కట్టకపోతే అది నేరం.

ఇక ఇంటి లోను. మీ ఆవిడ తొందర నాకు అర్థమవుతోంది, అప్పు నెత్తిన ఉంటే నిద్ర పట్టదు. కానీ ఉద్యోగం లేనప్పుడు చేతిలో ఉన్నదంతా బ్యాంకుకు కట్టేస్తే, రేపు పిల్లల ఫీజుకో ఆసుపత్రికో మళ్లీ అప్పు కావాలి. జీతం లేని మనిషికి ఆ అప్పు ఇంటి లోను వడ్డీకి దొరకదు, గాజువాకలో రోజువారీ వడ్డీల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. గ్రాట్యుటీ రాగానే ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆరు ఈఎంఐలు (55,200) సేవింగ్స్ ఖాతాలో, చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లలో పెట్టండి. కొత్త ఉద్యోగం దొరికాక మిగిలినదాన్ని లోనుకు కట్టండి.

పీఎఫ్ ముట్టుకోకండి. 2024-25కు దాని మీద 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. కొత్త చోట చేరాక అదే యూఏఎన్‌కు బదిలీ చేయించుకోండి. పదేళ్లు దాటింది కాబట్టి మీకు 58వ ఏట పెన్షన్ హక్కు కూడా వచ్చేసింది. ఈ పెన్షన్ లెక్కకు తీసుకునే జీతానికి 15,000 పరిమితి, దాని మీద 12 ఏళ్లకు నెలకు సుమారు 2,570. చిన్న మొత్తమే, కానీ కొత్త సర్వీసు కలిసేకొద్దీ పెరుగుతుంది. ఆరోగ్య బీమా కంపెనీదే అయితే చివరి రోజుతో ఆగిపోతుంది, ఆలోపే కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి.

రేపు ఆఫీసులో ఏమనాలంటే: "నేను రాజీనామా చేయడం లేదు. తీసేయదలిస్తే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, బకాయిల లెక్క ఇవ్వండి." ఇదే మాట ఈమెయిల్‌లోనూ పంపండి. అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, హాజరు వివరాలు, వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు ఇంట్లో భద్రం చేయండి. ఖాళీ కాగితం మీద గానీ, "నాకు రావలసినవన్నీ ముట్టాయి" అన్న రసీదు మీద గానీ డబ్బు ఖాతాలో పడేదాకా సంతకం వద్దు. బేరానికి వస్తే 3,62,000కు తగ్గకుండా మాట్లాడండి. ఎనిమిది మందీ కలిసి వెళ్లగలిగితే ఇంకా మంచిది.

తీసేస్తే కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం జీతం బకాయిలు రెండు పనిదినాల్లో, గ్రాట్యుటీ 30 రోజుల్లో చెల్లించాలి. చెల్లించకపోతే విశాఖలోని కార్మిక శాఖ కార్యాలయంలో రాసివ్వండి. లాయరు ఖర్చుకు భయపడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికుడికి ఉచిత న్యాయ సహాయం హక్కు. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు దగ్గరున్న న్యాయ సేవాధికార సంస్థకు మీ కాగితాలతో వెళ్లండి.