పానా పట్టుకుంటానంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: సార్, మాది తెనాలి దగ్గర ఊరు. మా వాడికి పదిలో 342 మార్కులు వచ్చాయి. పుస్తకం ముందు కూర్చోమంటే ప్రాణం మీదికి వస్తుంది గానీ సెలవులొస్తే చాలు, మా తమ్ముడి మోటార్ వైండింగ్ షాపులోనే మకాం. పోయిన వేసవిలో పక్కింటివాళ్ల మోటారు మామ పక్కనుండగా తనే విప్పి, కాయిల్ చుట్టి బిగించాడు, ఇప్పటికీ తిరుగుతోంది. ఐటీఐలో చేరతానంటాడు. మా ఆయనేమో "చదువు రానివాళ్లు చేరేది ఐటీఐ, నలుగురిలో తలెత్తుకోవాలా వద్దా" అంటూ విజయవాడలో ఎంపీసీకి అడ్వాన్స్ కట్టేద్దామంటున్నారు. పాలిటెక్నిక్ అని ఒకరు, ఇంటర్ ఒకేషనల్ అని ఇంకొకరు. ఏది మంచిది?

జవాబు: అమ్మా, ముందు ఆ అడ్వాన్స్ ఒక్క వారం ఆపించండి. నేను పదిహేనేళ్లు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పినవాణ్ణి, కాబట్టి నా మాటలో కాస్త పక్షపాతం ఉంటుంది, ఆ మేరకు తగ్గించుకుని వినండి.

మూడింటిలోనూ పది పాసైతే చేరొచ్చు. తేడా అంతా పిల్లాడి చెయ్యి ఎంతసేపు పనిలో ఉంటుందన్న దగ్గరే. ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, ఎక్కువ భాగం వర్క్‌షాపులోనే గడుస్తుంది. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, పాలిసెట్ రాయాలి, మొదటి ఏడాది లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ గట్టిగానే ఉంటాయి, పుస్తకమంటే పారిపోయేవాడు అక్కడే చతికిలబడతాడు. ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ టెక్నీషియన్ కోర్సు ఉంది, రెండేళ్లు, చేతికి ఇంటర్ సర్టిఫికెట్ వస్తుంది, ఆన్ ద జాబ్ ట్రైనింగ్ అని బయట పనికి కూడా పంపుతారు. మీరు రాసినదాన్ని బట్టి మీవాడికి నేనైతే ఐటీఐ అంటాను.

మీ ఆయనకు ఇలా చెప్పి చూడండి. రెండేళ్ల ఐటీఐ అయ్యాక డిప్లొమా రెండో సంవత్సరంలో చేరే దారి ఉంది. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లొచ్చు. అంటే ఆయన కోరుకునే ఇంజనీరింగ్ ఎక్కడికీ పోలేదు, కాస్త ఆలస్యమవుతుందంతే, అప్పటికి పిల్లాడికి మోటారు లోపల ఏముంటుందో తెలిసి ఉంటుంది. ఇంకొకటి. 2019లో మన రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలకు జూనియర్ లైన్‌మెన్లను తీసుకున్నప్పుడు అడిగింది పది, దాని మీద ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ఐటీఐ, లేకపోతే ఆ సబ్జెక్టు ఇంటర్ ఒకేషనల్. స్తంభం ఎక్కించి మరీ చూశారు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు కూడా పదితో పాటు ఐటీఐ ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఆ 342 మార్కుల్ని చిన్నచూపు చూడకండి. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్‌లను రాతపరీక్ష లేకుండా పది మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి చూసి తీసుకుంటుంది, పదిలో 50 శాతం ఉండాలంటుంది. మీవాడికి 57 శాతం.

ఇక అసలు సంగతి. ఐటీఐ అన్నవన్నీ ఒకటి కావు. ఓసారి ప్రాక్టికల్ పరీక్షకు ఎగ్జామినర్‌గా ఒక ప్రైవేటు ఐటీఐకి వెళ్లాను, పేరెందుకులెండి, బెంచ్ వైస్‌ల (ఇనుప ముక్కను బిగించి పట్టుకునే పరికరాల) దవడలకు ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు అలాగే ఉంది! రెండేళ్లలో ఒక్కడూ వాటిని బిగించిన పాపాన పోలేదు. ఆ పిల్లలకు ఆకురాయి పట్టుకోవడం రాలేదు, తప్పు వాళ్లది కాదు, నేను మార్కులు వెయ్యడానికి చాలాసేపు తల పట్టుకుని కూర్చున్నాను. కాబట్టి చేర్చే ముందు పని రోజున పదకొండు గంటలప్పుడు చెప్పకుండా వెళ్లండి. తమ్ముణ్ణి వెంటబెట్టుకెళ్లండి, అతని కళ్లకు కనిపించేవి మనకు కనిపించవు. పిల్లలు ఎన్ని మోటార్లు విప్పారు, తీగ ఎవరు కొంటారు, ప్రాక్టికల్ రికార్డులో తేదీలు వరసగా ఉన్నాయా లేక ఒకే రోజు ఒకే పెన్నుతో నింపారా చూడండి. పిల్లల చేతులు చూస్తే సగం తెలిసిపోతుంది. ప్రభుత్వ ఐటీఐలో సీటు వస్తే మొదట అదే చూడండి, ఫీజు కూడా నామమాత్రం.

రెండేళ్లయ్యాక అప్రెంటిస్‌షిప్ మానొద్దు. చాలామంది ఇక్కడే మోసపోతారు. షాపువాడు "మా దగ్గర అప్రెంటిస్‌వి" అంటే సరిపోదు, ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో కాంట్రాక్టు నమోదై ఉండాలి, అప్పుడే చివర్లో పరీక్ష రాసి నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. 2019 నిబంధనల్లో ఐటీఐ పాసైనవాళ్లకు స్టైపెండ్ నెలకు కనీసం 7,000 రూపాయలుగా పెట్టారు. అంతకన్నా తక్కువిస్తే అడగండి, మొహమాటం వద్దు.

ఈలోపు మామ దగ్గరికి వెళ్తే వెళ్లనివ్వండి గానీ కరెంటు ఉన్న బోర్డు మీద ఒంటరిగా చెయ్యి పెట్టనివ్వొద్దు. పదిహేనేళ్ల వయసులో భయం ఉండదు.

ప్రశ్న: సార్, మాది కరీంనగర్. నేను ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్) ఫస్టియర్. డిగ్రీకి పనికిరాదని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకు తల్లీ. ఒకేషనల్ వాళ్లకు సైన్స్ సబ్జెక్టుల్లో లోటు పూడ్చే బ్రిడ్జి కోర్సు అని ఉంటుంది, ఇంటర్ బోర్డే పరీక్ష పెడుతుంది. రేపు బైపీసీ వాళ్లతో కలిసి సైన్స్ చదవాలనుకుంటే అది రాయి. మీ ప్రిన్సిపాల్‌ను ఇప్పుడే అడుగు, సెకండియర్ చివర్లో గుర్తొస్తే ఫీజు తేదీ దాటిపోయి ఉంటుంది, ఏటా ఇలాంటి ఉత్తరాలు నాకొస్తూనే ఉంటాయి. ల్యాబ్‌లోనే స్థిరపడాలంటే ఇంటర్ తర్వాత ఏడాది ఆసుపత్రిలో అప్రెంటిస్ ట్రైనింగ్ చేసి పారామెడికల్ బోర్డులో రిజిస్టర్ చేయించుకోవాలి. అది లేకుండా రక్తం తీసే పనికి పిలిచే చిన్న ల్యాబులుంటాయి, జీతం కూడా చిన్నదే ఉంటుంది.

ప్రశ్న: నమస్తే అండీ, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి 16, ఇక్కడి హైస్కూల్లో ఆటోమోటివ్ క్లాసు తీసుకున్నాడు. వచ్చే ఏడాది ప్రాక్టికమ్ కింద గ్యారేజీలో జీతంతో పని ఉంటుందని టీచర్ చెప్పారట. మేము హెచ్1 ఉద్యోగ వీసా మీద, పిల్లాడు దానికి అనుబంధంగా కుటుంబానికిచ్చే హెచ్4 మీద ఉన్నాం. ఇంజనీరింగ్ వదిలేస్తాడేమోనని మా ఆవిడ భయం, వీసా ఏమవుతుందోనని నా భయం.

జవాబు: ఆవిడ భయం తేలిగ్గా తీరేదే. టెక్సాస్‌లో 2013లో వచ్చిన హెచ్‌బీ 5 చట్టంతో హైస్కూల్ పిల్లలు ఒక ఎండార్స్‌మెంట్, అంటే ఎక్కువగా చదివే ఒక విభాగం, ఎంచుకుంటారు, ఆటోమోటివ్ అందులో బిజినెస్ అండ్ ఇండస్ట్రీ కిందికి వస్తుంది. అది తీసుకున్నంత మాత్రాన ఇంజనీరింగ్ కాలేజీ తలుపు మూసుకోదు, లెక్కలు, ఫిజిక్స్ వదలకుండా చూసుకోండి చాలు.

మీ భయం మాత్రం నిజమైనదే. హెచ్4 మీద ఉన్న పిల్లలకు జీతంతో పని చేసే అనుమతి లేదు. హెచ్4 వాళ్లకు వర్క్ పర్మిట్ ఇస్తున్నారని మీరెక్కడైనా విని ఉంటే, అది కొందరు భార్యలకు, భర్తలకు మాత్రమే, పిల్లలకు వర్తించదు. క్లాసులో, స్కూలు వర్క్‌షాపులో నేర్చుకోవడానికి ఇబ్బంది లేదు. గ్యారేజీవాళ్లు "జీతం వద్దులే, ఊరికే రా" అన్నా సరేననకండి, లాభాపేక్షతో నడిచే చోట ఊరికే చేసిన పనిని కూడా అనుమతి లేని ఉద్యోగంగా లెక్కేసే ప్రమాదం ఉంది. వాడి స్నేహితులు చేస్తున్నారు కదా అని వాడు అలుగుతాడు, కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పండి. పదహారేళ్లవాడికి అర్థమవుతుంది.

ఈ వారమే స్కూల్ కౌన్సెలర్‌కు మెయిల్ పెట్టి, జీతం లేకుండా క్యాంపస్‌లోనే పూర్తిచేసే ప్రాక్టికమ్ ఉందా అని అడగండి. జవాబు వచ్చాక దాన్ని మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కు చూపించి, ఆ తర్వాతే ఫారం మీద సంతకం పెట్టండి.