స్టెన్‌మార్క్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. వాక్యం సాఫీగా నడుస్తోంది, ఆ విషయంలో టెన్షన్ పడకు. కానీ మొదటి పేరా నిండా ‘హిమగిరుల రారాజు’ లాంటి బిరుదులే. తీసెయ్. విలేకర్లు ఎంత గుచ్చినా రెండు ముక్కల్లో తేల్చేసే స్వీడన్ స్కీయింగ్ వీరుడు ఇంగెమార్ స్టెన్‌మార్క్‌కు ఇన్ని బిరుదులేంటయ్యా!

86 ప్రపంచ కప్ విజయాలని రాశావు. స్కీయింగ్‌లో ప్రపంచ కప్ అంటే ప్రతి సీజన్‌లో వరసగా జరిగే పోటీలని ఒక ముక్క చెప్పు. అందులో 46 జెయింట్ స్లాలమ్‌లో, 40 స్లాలమ్‌లో. డౌన్‌హిల్‌లో ఒక్కటీ లేదు. దీన్ని సగం వాక్యంలో దాటేశావు. నన్నడిగితే అసలు కథ ఇక్కడే ఉంది. మంచు ముఖం చూడని మనవాళ్లకు ముందు ఆట చెప్పు: స్లాలమ్‌లో గేట్ల మధ్య, అంటే పాతిన కర్రల మధ్య, మెలికలు తిరుగుతూ మంచు కొండ మీంచి రెండుసార్లు దిగాలి, రెండు టైములూ కలుపుతారు. జెయింట్ స్లాలమ్ కూడా అంతే, గేట్లు ఇంకాస్త దూరదూరంగా ఉంటాయి. మొదటి దఫా వెనకబడి రెండో దఫా అందరినీ దాటెయ్యడం ఇతనికి అలవాటు. డౌన్‌హిల్‌లో ఒక్కటే పరుగు, అదీ ప్రాణాలకు తెగించిన వేగంతో.

1976 నుంచి 78 వరకు వరసగా మూడేళ్లు ఓవరాల్ టైటిల్, అంటే అన్ని విభాగాల పాయింట్లూ కలిపి ఇచ్చేది, అతనిదే. తర్వాత పాయింట్ల పద్ధతి మార్చారు, అన్ని విభాగాల్లో దిగేవాళ్లకు కలిసొచ్చేలా. 1979 సీజన్‌లో 13 పోటీలు గెలిచాడు, జెయింట్ స్లాలమ్‌లైతే పదికి పదీ. ఓవరాల్‌లో ఎన్నో స్థానం? ఐదు! ఇంత పెట్టుకుని బిరుదులు దేనికి?

ఆ సెప్టెంబర్‌లో ఇటలీలో డౌన్‌హిల్ ప్రాక్టీస్ చేస్తూ పడి తలకు గట్టి దెబ్బ తగిలించుకున్నాడు. ఐదు నెలలకే, 1980 ఫిబ్రవరిలో, లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు. ఇక్కడ నెమ్మదిగా రాయి. 1981లో కిట్జ్‌బ్యూల్ డౌన్‌హిల్‌లోనూ దిగాడు, 34వ వాడిగా వచ్చాడు. అదీ చెప్పు.

1984 సరయెవో ఒలింపిక్స్ ఊసే ఎత్తలేదేం? ప్రకటనల డబ్బు తమ దేశ స్కీ సమాఖ్య ద్వారా కాకుండా నేరుగా తీసుకున్నాడని అతన్ని ఆడనివ్వలేదు. మచ్చ అనుకుని దాచావేమో, దాచకు. ఆటతో డబ్బు సంపాదించకూడదనే అమెచ్యూర్ నియమం అప్పట్లో ఎంత మొండిగా ఉండేదో అక్కడే తెలుస్తుంది.

అతను పుట్టిపెరిగిన స్వీడన్‌లోని టార్నబీ ప్రాంతం గురించి రెండు వాక్యాలు చాలు. అదే ఊరి అన్యా పార్సన్ 2006 ఒలింపిక్స్‌లో స్లాలమ్ స్వర్ణం గెలిచిందని చేర్చు.

చివర్లో 86 విజయాల ‘రికార్డు పోయిందే’ అంటూ వాపోయావు. స్టెన్‌మార్క్ వాపోలేదు కదా! ఆ రికార్డు దాటిన అమెరికా స్కీయర్ మికేలా షిఫ్రిన్ తనకంటే చాలా మెరుగని ముందే అన్నాడు. ఆమె 87వ విజయం 2023 మార్చిలో స్వీడన్‌లోనే, ఓరేలో సాధించింది. ఆ సంగతి రాసి ఆపెయ్.

మార్చి పంపు, చూస్తాను.

మీ అన్నయ్య