బ్రెగ్జిట్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. చెయ్యి తిరుగుతోంది నీకు, అందులో అనుమానం లేదు. కానీ మూడో పేరాకి వచ్చేసరికి చిరాకేసింది. 2016 బ్రిటన్ రెఫరెండంలో, యూరప్ దేశాల కూటమి ఈయూ నుంచి బయటికి పోదామని (అదే బ్రెగ్జిట్) ఓటేసిన కోటీ డెబ్బై నాలుగు లక్షల మందినీ కట్టగట్టి "మోసపోయిన జనం" అనేశావు. ఉండిపోదామన్న వాళ్లు కోటీ అరవై ఒక్క లక్షలు, వాళ్లంతా వివేకవంతులట! 51.9 శాతానికీ 48.1 శాతానికీ మధ్య తెలివితేటల గీత గీస్తే ఎలా?

పోదామన్నవాళ్ల ప్రచారపు ఎర్ర బస్సు సంగతి రాశావు (మన ఎర్రబస్సు కాదులే), వారానికి 35 కోట్ల పౌండ్లు ఈయూకి పోతున్నాయి, ఆ డబ్బు మన ఆసుపత్రులకి పెడదాం అని రాసుకుని ఊరూరా తిరిగిన బస్సు. అంకె తప్పని రాసి వదిలేశావు, ఎందుకు తప్పో చెప్పలేదు. 1984లో అప్పటి బ్రిటన్ ప్రధాని థాచర్ పట్టుబట్టి సాధించిన రాయితీ ఒకటుంది, దాన్ని ముందే మినహాయించుకుని మిగతాదే కట్టేవాళ్లు. కట్టినదాంట్లోనూ కొంత రైతులకీ వెనకబడిన ప్రాంతాలకీ తిరిగొచ్చేది. ఈ రెండు ముక్కలూ రాస్తే పాఠకుడే లెక్క చూసుకుంటాడు, నువ్వు కోప్పడక్కర్లేదు. పనిలో పనిగా అవతలివైపు కూడా చూడు. బయటికి ఓటేస్తే వెంటనే మాంద్యం వస్తుందని బ్రిటన్ ఆర్థిక శాఖ 2016లో భయపెట్టింది, ఓటేశాక అది రాలేదు. నష్టం తర్వాత మెల్లమెల్లగా కనబడింది, అది వేరే కథ. ఈ సంగతి నీ వ్యాసంలో లేదు. నీకు నచ్చిన వాళ్ల తప్పు గనక వదిలేశావని నా అనుమానం.

బయటికి పోదామన్న వాళ్ల బలమైన వాదన డబ్బు గురించి కాదు. మా మీద చట్టాలు చేసేవాళ్లని మేము ఓటుతో దించగలగాలి, అంతే. ఈయూ ముఖ్య కేంద్రమైన బ్రస్సెల్స్‌లో చట్టాల ముసాయిదాలు తెచ్చే కమిషన్‌ని బ్రిటన్ ఓటరు ఇంటికి పంపలేకపోయేవాడు. సభ్యదేశం చట్టానికీ ఈయూ చట్టానికీ పేచీ వస్తే ఈయూ చట్టమే నెగ్గుతుంది. 2015 జులైలో గ్రీస్ జనం అప్పులిచ్చినవాళ్ల షరతులు మాకొద్దని 61 శాతం ఓట్లతో చెప్పారు, వారం తిరిగేసరికి వాళ్ల ప్రభుత్వం అంతకంటే కఠినమైన షరతులకి తలొగ్గింది. టీవీలో అది చూసిన బ్రిటన్ మనిషికి ఏమనిపించి ఉంటుంది? బ్రిటన్ యూరో కరెన్సీలో లేదు, గ్రీస్ అవస్థ దానికి రాదు అని నువ్వు జవాబు చెప్పొచ్చు, మంచి జవాబే. కానీ ముందు ఆ వాదనని, నమ్మినవాళ్లు చదివి "అవును, మేం చెప్పేది ఇదే" అనేలా రాసి, ఆ తర్వాత చెప్పు.

ఉత్తర ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ గురించి ఒక్క వాక్యం రాశావు, "తమ కాళ్లు తామే నరుక్కున్న ఊరు" అని. నాకైతే వ్యాసమంతా అక్కడే ఉందనిపించింది. 1986 నుంచి అక్కడ నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ ఉంది, వేలమందికి అదే తిండి పెడుతోంది, తయారైన కార్లలో ఎక్కువ భాగం యూరప్‌కే పోతాయి. అలాంటి ఊరు 61 శాతం బయటికి అంది. ఆ రాత్రి ఆ ఫలితం వినగానే పౌండు విలువ జారిపోయింది. ఎందుకలా ఓటేశారు? నిస్సాన్ వచ్చిన కొద్ది ఏళ్లకే, 1988లో అక్కడి ఓడల యార్డులు మూతపడ్డాయి, 1993లో చివరి బొగ్గు గని కూడా పోయింది. ఈయూలో ఉంటే లాభం అని లండన్ నుంచి ఎవరైనా చెబితే, ఎవరికి లాభం అని అడిగే హక్కు ఆ ఊరికి ఉంది. కోపం ఈయూ మీదా లండన్ మీదా అన్నది బ్యాలెట్ పేపర్ అడగలేదు.

ఇంకోటి కూడా అది అడగలేదు: బయటికి పోతే ఎక్కడికి? నార్వేలా ఈయూలో లేకుండానే దాని ఉమ్మడి మార్కెట్లో ఉండాలా, కస్టమ్స్ యూనియన్ (లోపల సుంకాల్లేకుండా, బయటి సరుకుకి ఒకే సుంకం వేసే ఏర్పాటు) చాలా, ఒప్పందమే లేకుండా తెంచుకోవాలా? 2019 మార్చిలో పార్లమెంటు ఎనిమిది దారుల మీద ఓటింగ్ పెట్టుకుంటే ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. నన్నడిగితే ఉండిపోదామన్న పక్షానికి అసలు బలం ఇదే. నిస్సాన్ లెక్కల కంటే పెద్దది. విడాకులకి ఒప్పుకుని, పిల్లలెవరి దగ్గర ఉంటారో తర్వాత చూద్దాం అన్నట్టుంది వ్యవహారం. ఆ పిల్ల ఉత్తర ఐర్లాండ్, అది బ్రిటన్‌లో భాగం, సరిహద్దుకి అవతల ఉన్న ఐర్లాండ్ దేశం ఈయూలో ఉంది. 1998 శాంతి ఒప్పందం చెడకుండా ఆ సరిహద్దులో తనిఖీలు పెట్టకూడదని బ్రిటన్, ఈయూ రెండూ అనుకున్నాయి. బ్రిటన్ ఉమ్మడి మార్కెట్ వదిలితే మాత్రం ఎక్కడో ఒకచోట పెట్టాలి. చివరికి సముద్రం మీద పెట్టారు, అంటే ఒకే దేశంలో ఇంగ్లండ్ నుంచి ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కి పోయే సాసేజీలకి ఈయూ నిబంధనలు అడ్డొచ్చే పరిస్థితి వచ్చింది! 2021లో దీని మీద నెలల తరబడి గొడవ. నీ వ్యాసంలో ఐర్లాండ్ అన్న మాటే లేదు.

మనవాళ్ల సంగతి నువ్వు తడిమి వదిలేశావు. యూరప్ నుంచి స్వేచ్ఛగా వచ్చే దారి మూసేశాక వలసలు తగ్గుతాయనుకున్నారు, తీరా యూరప్ బయటి దేశాల నుంచి పెరిగాయి. 2021లో చదువయ్యాక రెండేళ్లు పనిచేసుకునే వీసా తెచ్చారు, మన హైదరాబాద్, గుంటూరు పిల్లలు కూడా ఆ దారిలో వెళ్లారు. వలసలు తగ్గాలని ఓటేసినవాడు దీన్ని గెలుపనుకోవాలా, ఓటమనుకోవాలా? దీని మీద ఒక పేరా రాయి, నీకు తెలిసిన పిల్లలుంటే అడిగి రాయి.

తెలంగాణతో పోలిక మాత్రం తీసెయ్. 2014లో జరిగింది ఒక దేశం లోపల రాష్ట్రాన్ని విడదీయడం, మన పార్లమెంటు రాజ్యాంగం 3వ అధికరణ కింద చేసింది. ఈయూ ఒప్పందంలో సభ్యదేశం తనంతట తాను వెళ్లిపోవడానికి 50వ అధికరణ ఉంది, మన రాజ్యాంగంలో రాష్ట్రాలకి అలాంటి తలుపే లేదు. పైగా ఆ పోలిక కనబడగానే మన పాఠకులు బ్రిటన్‌ని వదిలేసి మన గొడవలో దూకుతారు, కింద వంద కామెంట్లు, ఒక్కటీ నీ వ్యాసం మీద ఉండదు.

పోదామన్న ప్రచారానికి ముందు నిలిచి తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ 2016 ఫిబ్రవరిలో రెండు వ్యాసాలు రాసుకున్నాడు, ఒకటి పోదామని, ఒకటి ఉందామని. పోదామన్నది అచ్చయింది, రెండోది అక్టోబరులో బయటపడితే జనం అవకాశవాది అని తిట్టారు. నాయకుడిగా తిట్లు తినాల్సిందే, కానీ రాసేవాడికి ఆ కసరత్తు మంచిదే. "పోదాం" వ్యాసం నువ్వూ ఒకటి రాయి, వెయ్యి మాటలు చాలు, వెటకారం లేకుండా. అది ముందు నాకు పంపు, అసలు వ్యాసం తర్వాత దిద్దుకుందాం.

మీ అన్న